టీచరమ్మ జవాబులు: సాలీడు కథకి ఊఁ కొట్టేదెవరు?

పోయిన సంచికలో ఒక తల్లికి జవాబిస్తూ, రాత్రిపూట పిల్లలకి ఘానా దేశపు సాలీడు కథలు చెప్పి చూడమని రెండు ముక్కలు రాశాను. ఆ రెండు ముక్కల మీద ఈసారి బోలెడు ఉత్తరాలు వచ్చాయి. చాలామంది ఇంకా చెప్పమన్నారు. ఒకాయన మాత్రం గట్టిగా చీవాట్లు పెట్టారు. ఆ చీవాట్లకీ జవాబుంది, కాస్త ఆగండి. ముందు ఒక టీచర్ గారి అవస్థ చూద్దాం.

ప్రశ్న: అమ్మా, నేను ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. వార్షికోత్సవానికి తరగతికో ఖండం పంచారు. మా ఏడో తరగతికి ఆఫ్రికా వచ్చింది. అక్కడి నోటి కథలు, పాటలు, సంస్కృతి పిల్లలకి నేర్పి స్టేజీ మీద చూపించాలి. పిల్లల్ని ఆఫ్రికా అంటే ఏంట్రా అని అడిగితే అడవి, సింహం, ఆకలి అన్నారు. తోటి టీచర్లేమో ముఖాలకి నల్లరంగు పూసి, ఆకుల లంగాలు కట్టించి, డప్పుల మీద డాన్స్ చేయిద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కానీ దాని బదులు ఏం చెయ్యాలో తోచడం లేదు. టెన్షన్‌గా ఉంది.
- ఒక సోషల్ టీచర్, ఒంగోలు

జవాబు: ముందు ఆ రంగు డబ్బాని కొట్టుకి తిరిగి పంపించెయ్యండమ్మా. మన ఒంగోలు ఎండలో ఆడుకునే పిల్లలకి పైనుంచి ఇంకా నలుపు పూయాల్సిన పనేముందో నాకు అర్థం కాలేదు, ఆ సంగతి అలా ఉంచండి. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి మన యూనివర్సిటీల్లో చదువుకుంటున్న పిల్లలున్నారు. వాళ్ళలో ఒకరిద్దరు మీ వార్షికోత్సవానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారనుకోండి. ఆ డాన్స్ వాళ్ళ కళ్ళెదుట వేయిస్తారా? ఈ ఒక్క ప్రశ్న స్టాఫ్‌రూమ్‌లో అడగండి, చాలు.

రెండోది, బోర్డు మీద "ఆఫ్రికా సంస్కృతి" అని హెడ్డింగు పెట్టకండి. 54 దేశాలు, రెండు వేల దాకా భాషలు, మన దేశం లాంటివి తొమ్మిది పట్టేంత నేల. అదంతా ఒకే సంస్కృతి ఎలా అవుతుంది? ఒక జాతిని, ఒక కథని పట్టుకోండి. ఏ కథ చెప్పినా ముందు మ్యాపులో వేలు పెట్టి దేశం చూపించండి. ఆ దేశంలో ఎవరిదో కూడా చెప్పండి. సోషల్ టీచర్ కాబట్టి అది మీకు నేను చెప్పక్కర్లేదు.

నేనైతే పడమటి ఆఫ్రికాలో ఘానా దేశంలో ఉండే అకాన్ ప్రజల దగ్గర మొదలుపెడతాను. వాళ్ళ కథల్లో అనాన్సి అనే సాలీడు ఉంటాడు. బక్కప్రాణి, గడుసు, ఆశపోతు. గెలుస్తాడు, అప్పుడప్పుడు తన తెలివికి తనే చిక్కుకుని నవ్వులపాలవుతాడు కూడా. మొదటి కథ ఇది చెప్పండి.

లోకంలో కథలన్నీ ఒకప్పుడు ఆకాశదేవుడు న్యామె దగ్గరే ఉండేవి. అనాన్సి పోయి, ఆ కథలు నాకమ్ముతావా అన్నాడు. పెద్ద పెద్ద ఊళ్ళే వచ్చి కొనలేక పోయాయి, నువ్వెంత అన్నాడు న్యామె. ధర చెప్పు అన్నాడు సాలీడు. ఓనిని అనే కొండచిలువని, ఒసెబో అనే చిరుతని, కందిరీగల గుంపుని, మోఆతియా అనే అడవి దెయ్యప్పిల్లని ప్రాణాలతో పట్టి తేవాలి. అదీ ధర.

ఇంటికొచ్చి పెళ్ళాం అసోతో చెప్పాడు. ఉపాయం ఆమెది. (ఇది వదిలెయ్యకండి. ఈ కథని పొట్టిగా చెప్పేవాళ్ళు ముందుగా కోసేసేది అసోనే.) ఒక పొడుగాటి కొమ్మ, ఒక తీగ తీసుకుని సాలీడు వాగు దగ్గరికి పోయాడు. పోతూ పోతూ తనలో తనే తగువు పడుతున్నాడు: "ఇది దానికంటే పొడుగు." "కాదు, అదే పొడుగు." "అబద్ధం." "నిజం." కొండచిలువ తల ఎత్తి, ఏంది నీ గోల అంది. నువ్వు ఈ కొమ్మకంటే పొట్టి అని మా ఆవిడ అంటోంది, నేను ఒప్పుకోను అన్నాడు. కొండచిలువకి రోషం వచ్చింది. కొలుచుకో అని కొమ్మ పక్కన నిటారుగా పడుకుంది. తల నుంచి తోక దాకా తీగతో చుట్టేశాడు.

కందిరీగల దగ్గరికి సొరకాయ బుర్రలో నీళ్ళు తీసుకుపోయాడు. సగం వాటి గూటి మీద చల్లి, మిగతా సగం తన మీద పోసుకుని, నెత్తిన అరిటాకు పెట్టుకున్నాడు. "వానొచ్చింది, వానొచ్చింది, తడవకుండా ఈ బుర్రలోకి రండి" అన్నాడు. థాంక్స్ చెప్పి మరీ లోపలికెళ్ళాయి. మూత బిగించాడు. చిరుతకి గొయ్యి తవ్వి పైన ఆకులు కప్పాడు. మోఆతియాకి జిగురు పూసిన బొమ్మ పెట్టి, దాని చేతిలో మెత్తగా దంచిన కందగడ్డ ముద్ద పెట్టాడు. ఆమె తిని, బొమ్మకి మర్యాదగా థాంక్స్ చెప్తే బొమ్మ పలకలేదు. కోపమొచ్చి చెంప మీద కొట్టింది. చెయ్యి అంటుకుపోయింది. రెండో చెయ్యి, కాలు, రెండో కాలు... ఇక్కడ పిల్లలు మీకంటే ముందే చెప్పేస్తారు. చెప్పనివ్వండి. నాలుగు ధరలూ చెల్లించాక న్యామె తన సభ అంతా పిలిచి, ఇకనుంచి ఇవి నా కథలు కావు, సాలీడు కథలు అన్నాడు. అకాన్ ప్రజలు నేటికీ ఇలాంటి కథల్ని "అనాన్సెసెమ్" అనే అంటారు.

పెద్ద పిల్లలైతే ఇంకో మాట చెప్పండి. ఘానా తీరం నుంచి బానిసలుగా పట్టి ఓడల్లో తరలించిన మనుషులతో పాటు ఈ సాలీడూ అట్లాంటిక్ దాటాడు. జమైకాలో ముసలమ్మలు అనాన్సి కథలు చెప్తారు. కట్టుబట్టలతో పోయినవాళ్ళ దగ్గర లాక్కోలేనిది అదొక్కటే. ఏడో తరగతి పిల్లలకి ఇది అర్థమవుతుంది. మనమే వాళ్ళకి బరువనుకుంటాం.

ఇప్పుడు అసలు సంగతి. పై కథని మీరు ప్రింటు తీసి ఒకమ్మాయి చేత మైకులో చదివిస్తే పాఠమే అవుతుంది తప్ప నోటి కథ కాదు. వినేవాళ్ళకి కూడా పని ఉంటేనే అది నోటి కథ. అకాన్ వాళ్ళలో చెప్పేవాడు మొదలుపెట్టే ముందు, మేం చెప్పబోయేది నిజమని అనడం లేదు, నిజమని అనడం లేదు అని ఒప్పుకుంటాడు. చివర్లో, ఈ కథ తీపిగా ఉన్నా లేకపోయినా కొంత మీరు పట్టుకుపోండి, కొంత నాకు తిరిగి రానివ్వండి అని ముగిస్తాడు. మన కంచికి పోయే కథకి ఇది దగ్గరి చుట్టం. నైజీరియాలో యోరుబా వాళ్ళ దగ్గర చెప్పేవాడు "ఆలో ఓ" అని కేకేస్తే వినేవాళ్ళు "ఆలో" అని అందుకోవాలి. హౌసా వాళ్ళలో, ఇదిగో కథ వస్తోంది అంటే, రానీ, విందాం అని జనం బదులిస్తారు. మాలి దేశం వైపు వీరగాథ చెప్పేటప్పుడైతే పక్కన ఇంకొకడు కూర్చుంటాడు. పాదం పాదానికీ "నాము" అంటాడు. అవును, అలాగే అని అర్థం. మన ఊఁ కొట్టడమే. అది ఆగితే చెప్పేవాడూ ఆగిపోతాడు. మా నాయనమ్మ కూడా అంతే. మేం నిద్రపోయామో లేదో తెలుసుకోవడానికి ఆమెకి అదొక్కటే దారి.

కాబట్టి స్టేజీ మీద ఒక్కమ్మాయిని కథ చెప్పనివ్వండి. మిగతా నలభై మందిని స్టేజీ మీదకి ఎక్కించకండి, ప్రేక్షకుల మధ్య అక్కడక్కడా కూర్చోబెట్టండి. కేకకి బదులు వాళ్ళు మొదలుపెట్టాలి. రెండోసారికి తల్లిదండ్రులు అందుకుంటారు, మూడోసారికి ఎమ్మెల్యే గారూ అందుకుంటారు. సాలీడు పట్టి తెచ్చిన ఆ నాలుగింటికీ నలుగురు పిల్లలు, మామూలు యూనిఫాంలోనే. కొండచిలువకి ఒక దుప్పటి ఇవ్వండి, ముచ్చట పడతాడు.

రిహార్సల్‌కి ముందు ఒక పీరియడ్ పొడుపుకథలకి ఇవ్వండి. ఇది నాకు బాగా తెలిసిన సంగతి. మా అల్లుడు ఉద్యోగరీత్యా టాంజానియాలో దారెస్సలాంలో ఉన్నప్పుడు కొన్నాళ్ళు అక్కడున్నాను. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే పక్కింటి పిల్లలు చేరేవాళ్ళు. స్వాహిలీలో పొడుపు వేసేవాడు "కితెందవిలి!" అని అరవాలి. మిగతావాళ్ళు "తేగా!" అనాలి. అంటే వెయ్యి, ఉచ్చు పన్ను అని. "నా ఇంటికి తలుపు లేదు." గుడ్డు. "నా కోడి ముళ్ళల్లో గుడ్డు పెట్టింది." అనాసపండు. ఎవరికీ విప్పడం రాకపోతే మన పిల్లల్లా ఓడిపోయాం అంటే సరిపోదు. పొడుపు వేసినవాడు నాకో ఊరివ్వండి అంటాడు. ఓడినవాళ్ళు ఒక ఊరి పేరు చెప్పి అతనికి ఇచ్చెయ్యాలి. అతను ఆ ఊరికి పోయి బాగా తిని తిరిగి వచ్చినట్టు గొప్పలు చెప్పుకుని, అప్పుడు విప్పుతాడు. నేను కావలి ఇచ్చాను. నెల్లూరు అడిగితే ఇవ్వలేదు. మా మనవడు మాత్రం చెన్నై, హైదరాబాదు, చివరికి ఢిల్లీ కూడా ధారపోశాడు.

ఈ ఆట మీ తరగతిలో ఆడించండి. స్వాహిలీ పొడుపులు నాలుగు, మనవి నలభై. కిటకిట తలుపులు, కిటారి తలుపులు మొదలుపెడితే పిల్లలే ఇళ్ళ నుంచి తెస్తారు. ఓడినప్పుడు పక్క ఊరిని ఇచ్చేసి సొంత ఊరిని దాచుకునే ఎత్తులు చూస్తే మీ టెన్షన్ దిగిపోతుంది.

ఇంకొక్కటి. వాళ్ళకి రాత లేదు కాబట్టి నోటితో చెప్పుకున్నారు అని మాత్రం చెప్పకండి. మాలిలోని టింబక్టులో వందల ఏళ్ళ నాటి రాతప్రతులు వేలకి వేలు ఉన్నాయి. ఇథియోపియా వాళ్ళ గీజ్ లిపిలో ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. అచ్చుని బట్టి అక్షరం ఆకారం మారుతుంది, మన గుణింతంలాగే. మీ స్కూల్లో తెలుగు టీచర్ గారికి ఈ మాట చెప్పండి, ఆ అక్షరాలు చార్టు మీద ఆయనే రాయిస్తారు. రాత ఉన్నా నోటితో చెప్పుకోవడం ఒక విద్య. తిక్కన భారతం రాసిన నెల్లూరులో తోలుబొమ్మలు ఆడలేదా?

ప్రశ్న: మీరు తెలుగు టీచరుగా రిటైరయ్యారని విన్నాను. మన కాటమరాజు కథ ఏ పిల్లవాడికీ తెలియదు. బుర్రకథ చెప్పేవాళ్ళకి పిలుపు లేదు. ఇంట్లో దీపం పెట్టుకోకుండా ఎక్కడో ఆఫ్రికాలో సాలీడు కథలు నేర్పమంటారా? ఇదెక్కడి న్యాయం?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, సింగరాయకొండ

జవాబు: అయ్యా, మీ కోపం నాకు నచ్చింది. కాటమరాజు పేరెత్తారు కాబట్టి ఇంకా నచ్చింది. అయితే మీరు ఒకటి తీసేసి ఇంకొకటి పెట్టమన్నాననుకుంటున్నారు. నేనన్నది రెండూ పక్కపక్కన పెట్టమని. ఎందుకో చెప్తాను.

కాటమరాజు పశువుల మందలతో నెల్లూరు సీమకి వచ్చాడు. పచ్చిక మేపుకున్నందుకు నెల్లూరు నల్లసిద్ధిరాజు పుల్లరి అడిగాడు. ఇస్తాను, ఇవ్వను అని తగువు ముదిరి పాలేరు ఒడ్డున ఎర్రగడ్డపాటి పోట్లాట దాకా పోయింది. ఖడ్గతిక్కన పడిపోయింది అందులోనే. ఇదంతా 13వ శతాబ్దం మాట. ఇది మనదాకా ఎలా వచ్చింది? కొమ్ములవాళ్ళు, గొల్లసుద్దులవాళ్ళు ఊరూరా తిరిగి చెప్పబట్టి వచ్చింది. పండితులు కాగితం మీద పెట్టింది చాలా తర్వాత.

సరిగ్గా అదే 13వ శతాబ్దంలో, 1235లో, పడమటి ఆఫ్రికాలో కిరినా దగ్గర ఇంకో యుద్ధం జరిగింది. సుంజాతా కెయితా అనే ఆయన సుమవురు కాంతే అనే రాజుని ఓడించి మాలి సామ్రాజ్యం నిలబెట్టాడు. అది కూడా తరతరాలుగా చెప్పేవాళ్ళ నోటనే నిలిచింది. అక్కడ చెప్పేవాళ్ళకి రాజుల కొలువులో పెద్ద పీట ఉండేది. ఇబ్న్ బతూతా పేరు మీరు వినే ఉంటారు. ఢిల్లీలో తుగ్లక్ దగ్గర ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు. ఆయనే 1352లో మాలికి బయల్దేరి పోయి, కవులు ఈకలతో పక్షుల వేషం కట్టుకుని రాజు ముందు నిలబడి పూర్వరాజుల మంచిపనులు వినిపించడం చూసి రాశాడు. ఆయనకి ఆ వేషం నవ్వొచ్చింది. అది ఆయన తప్పు.

ఇప్పుడు మీ ఊరి పిల్లాడికి ఈ రెండు కథలూ కలిపి చెప్పండి. మాలిలో తమ వంశాల చరిత్ర చెప్పేవాళ్ళకి ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పిలుపుంది, కానుకలున్నాయి అని వింటాడు. విన్నాక వాడే అడుగుతాడు, మన కథ చెప్పేవాళ్ళు ఎక్కడున్నారు తాతా అని. నేను పాఠం చెప్పిన రోజుల్లో కాటమరాజు కథ ఒక్కటే చెప్తే సగం తరగతి ఆవలించేది. ఇది మా ఊరి పాత సంగతేలే అన్న చులకన. బయటిది పక్కన పెట్టాకే సొంతదాని ఎత్తు తెలిసింది వాళ్ళకి. పిచ్చుకగుంట్ల ఆయన ఒకరిని బడికి పిలిస్తే గోత్రాలు, వంశాలు గడగడా చెప్పుకుపోయాడు. పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆయనకి బస్సు చార్జీ ఇప్పించడానికి నేను పడ్డ తిప్పలు వేరే ఉత్తరంలో రాస్తాను.

దీపం సంగతంటారా, మీరు పెట్టండి. సింగరాయకొండ బడిలో ఒక శనివారం మీరే కాటమరాజు కథ చెప్పండి. మీకు వచ్చని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మా తాత బుర్రకథలో వంత పాడేవాడు. ఆఫ్రికాలో కూడా బుర్రకథ ఉందా? వాళ్ళ చేతిలో ఏముంటుంది? వాళ్ళు కూడా పరీక్ష రాయాలా?
- ఆరో తరగతి బాబు, ఉదయగిరి

జవాబు: నాన్నా, ఈ నెల ఉత్తరాలన్నిట్లో మంచి ప్రశ్న నీదే.

పరీక్ష ఉంది. రాసేది కాదు. మాలి, గినీ, సెనెగల్, గాంబియా దేశాల్లో "జెలి" అనే కుటుంబాలున్నాయి. బయటివాళ్ళు వాళ్ళని గ్రియో అంటారు. కుయాతె, జబాతె లాంటి ఇంటిపేర్లు వింటే వాళ్ళు జెలీలని అక్కడ అందరికీ తెలిసిపోతుంది. పిల్లలు నీ వయసుకి ముందు నుంచే నాన్న పక్కన, తాత పక్కన కూర్చుని వింటూ నేర్చుకుంటారు. ఏ రాజు తర్వాత ఏ రాజు, ఎవరు ఎవరికి మాటిచ్చారు, ఎవరు మాట తప్పారు, అన్నీ నోటికి రావాలి. ఒక పేరు తప్పితే ఆ ఇంటి పెద్దలు నలుగురిలో దిద్దుతారు. నీ యూనిట్ టెస్టే నయం.

చేతిలో ఏముంటుందన్నావు కదా. ఒకటి కోరా. పెద్ద సొరకాయ బుర్రని సగానికి కోసి, దాని నోటికి ఆవుతోలు బిగించి, పొడుగాటి కర్ర గుచ్చి, 21 తీగలు కడతారు. రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు మీటుతుంటాయి. మీ తాత పార్టీలో కథకుడి భుజం మీద తంబురా ఉండేది కదా, ఆ బుర్రకి ఇది దూరపు అన్న. మీ నాన్న ఫోన్‌లో తుమానీ జబాతె అని వెతికి విను. మాలి దేశపు గొప్ప కోరా వాద్యకారుడు, 2024లో పోయారు. కళ్ళు మూసుకుని వింటే ముగ్గురు వాయిస్తున్నట్టుంటుంది.

ఇంకోటి బాలఫోన్. వరసగా చెక్క పలకలు, ఒక్కో దాని కింద చిన్నా పెద్దా సొరబుర్రలు. కర్రలతో కొడితే మోగుతుంది. సుంజాతా ఓడించిన సుమవురు రాజుదని చెప్పే బాలఫోన్‌ని గినీలో నియాగసోలా అనే ఊళ్ళో కుయాతె వంశం వాళ్ళు ఇప్పటికీ కాపాడుతున్నారు. దాన్ని ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోవడానికి లేదు. యునెస్కో వాళ్ళు కూడా దాని చుట్టూ ఉన్న సంప్రదాయాన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చారు.

సుంజాతా కథలో నీకు నచ్చే ముక్క ఒకటి చెప్తాను. ఆయన రాజకుమారుడే కానీ ఏడేళ్ళొచ్చినా నడవలేదు, పాకుతూనే ఉండేవాడు. ఒకరోజు వాళ్ళమ్మ సొగొలోన్ కూరకి బావొబాబ్ చెట్టు ఆకులు కావాలని సవతి దగ్గరికి పోయి అడిగింది. నా కొడుకు చెట్టెక్కి కోసుకొస్తాడు, నీ కొడుకు నేల మీద పాకుతాడు, కావాలంటే పట్టుకుపో అంది ఆమె. అమ్మ ఏడుస్తూ వచ్చింది. సుంజాతా కమ్మరి చేత బరువైన ఇనుపకడ్డీ తెప్పించి, దాన్ని పట్టుకుని లేచి నిలబడ్డాడు. కడ్డీ విల్లులా వంగిపోయింది. నడుచుకుంటూ పోయి బావొబాబ్ చెట్టుని వేళ్ళతో సహా పెకలించి తెచ్చి అమ్మ గుమ్మంలో పడేశాడు. ఆకులేం ఖర్మ, చెట్టే తీసుకో అని. ఇక్కడ మీ తాతలాంటి వంతవాడు ఉంటే ఏం చేస్తాడో నీకు తెలుసు. "తందాన తాన" అని రెచ్చిపోతాడు.

ఆ చెట్టు చూడాలనుకుంటే ఆఫ్రికా పోనక్కర్లేదు. హైదరాబాదులో గోల్కొండ కోట దగ్గర నయా ఖిల్లాలో ముసలి బావొబాబ్ ఒకటుంది. దాని బోదె లోపల మనుషులు దూరి నిలబడొచ్చు. టూరుకి అటు తీసుకుపోతే అడిగి చూడు. అలాగే ఏసీ గార్డ్స్ అనే పేట కూడా ఉంది ఆ ఊళ్ళో. ఆ ఏసీ కూలర్ ఏసీ కాదు. నిజాం కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన గుర్రపు దళం ఉండేది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వాళ్ళ మనవళ్ళ మనవళ్ళు ఇప్పటికీ అక్కడున్నారు, ఉర్దూ మాట్లాడతారు, పెళ్ళిళ్ళలో తమ డప్పు వాయిస్తారు.

మీ తాతకి పాటలు గుర్తున్నాయా? ఉంటే ఫోన్‌లో రికార్డు చెయ్యి. ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం పాడాడో కూడా ఆయన చేతే చెప్పించు. తాతకి నా నమస్కారం చెప్పు.

ప్రశ్న: సాలీడు అంటే మా చిన్నపిల్లలకి అసహ్యం. అనాన్సి బదులు నక్క అని పెట్టి చెప్పొచ్చా?
- అంగన్‌వాడీ టీచర్, కావలి

జవాబు: వద్దు. పెద్ద జంతువులన్నిటి మధ్యా బక్క సాలీడు గెలవడంలోనే ఉంది కథంతా. మూల నున్న సాలీడుని చీపురుతో కొట్టకుండా ఒకరోజు చూడమనండి, గూడు ఎలా అల్లుతుందో. అసహ్యం పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి స్కూల్లో ఆఫ్రికా ప్రాజెక్టు ఇచ్చారు. ఇంటర్నెట్‌లో బొమ్మలు ప్రింటు తీసి అంటించడం తప్ప నాకు ఇంకేం తోచలేదు. మా అత్తగారు చదువుకోలేదు. కథలు, ఆటలు బాగా తెలుసు కానీ, ఇంగ్లీషు మీడియం ప్రాజెక్టుకి నేనేం పనికొస్తాను అంటారు. నిజంగా పనికిరారా?
- ఒక తల్లి, నెల్లూరు

జవాబు: ఆ ప్రాజెక్టుకి మీ ఇంట్లో పనికొచ్చే మనిషి ఆవిడే.

ముందు వంటింట్లో మొదలుపెట్టించండి. రాగులు, జొన్నలు, సజ్జలు, అలసందలు. ఈ నాలుగూ వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి మన నేలకి వచ్చిన పంటలే. చింతచెట్టు కూడా పుట్టింది అక్కడే. నెల్లూరు చేపల పులుసులో ఆఫ్రికా ఉందని మీ అబ్బాయి చార్టు మీద రాస్తే వాళ్ళ టీచర్ ఒకసారి ఆగి చదువుతారు. గింజలు చిన్న కవర్లలో పోసి చార్టుకి కుట్టండి. ఒక్కోదాన్ని ఆవిడ ఎలా వండుతారో అబ్బాయి అడిగి రాసుకోవాలి. మీరు మధ్యలో దూరకూడదు.

తర్వాత అటక మీద వామనగుంటల పీట ఉంటే దింపించండి. ఘానాలో ఇదే రకం ఆటని ఒవారె అంటారు. మన దానికి 14 గుంటలు, వాళ్ళ దానికి 12. అంటే మన పీటలో రెండు వరసలకీ చివరి గుంటలు ఒక్కొక్కటి వదిలేస్తే సరిపోతుంది. గుంటకి 4 చొప్పున 48 గింజలు. ఇద్దరు ఆడాలి, ఎదుటి వరసలో ఆరు వాళ్ళవి, మన వైపు ఆరు మనవి. వంతు వచ్చినవాళ్ళు తమ గుంటల్లో ఏదో ఒకదాంట్లోని గింజలన్నీ తీసి, గడియారం ముల్లు తిరిగే దానికి ఎదురు దిశలో గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. చివరి గింజ ఎదుటివాళ్ళ గుంటలో పడి, అక్కడ మొత్తం 2 గానీ 3 గానీ అయితే అవి మనవి. దాని వెనక గుంటలో కూడా 2 లేదా 3 ఉంటే అవీ తీసుకోవచ్చు. అలా వరస తెగేదాకా. 25 గింజలు ముందు కూడగట్టినవాళ్ళది గెలుపు. ఎదుటివాళ్ళ దగ్గర ఒక్క గింజ కూడా లేకపోతే, వాళ్ళకి అందేలా ఆడి తీరాలి. ఆకలితో కూర్చోబెట్టడానికి వీల్లేదు. ఈ నియమం మీ అత్తగారికి నచ్చుతుంది.

టాంజానియా, కెన్యా వైపు బావో అని ఇంకోటి ఉంది. నాలుగు వరసలు, వరసకి ఎనిమిది గుంటలు, 64 గింజలు. అది నాకు నేర్పాలని మా అల్లుడి ఆఫీసు వాచ్‌మన్ చాలా ఓపిక పట్టాడు. నాకు రాలేదు. మీరూ దాని జోలికి పోకండి, ప్రాజెక్టు ఇచ్చే తేదీ దాటిపోతుంది.

స్కూలుకి పీట, గింజలు రెండూ పంపించండి. గింజలు 48 కాకుండా ఇంకో పది ఎక్కువ పెట్టండి, క్లాసులో పోతాయి. వీలైతే అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. ఆవిడతో ఒక్క ఆట ఆడాకే టీచర్ మార్కులు వెయ్యాలని అబ్బాయి చేత అడిగించండి.